పదకొండో రూలు

ఆ ఆదివారం పొద్దున ప్రెసిడెంటు గారు వేసుకున్న పథకం చాలా చిన్నది. పదింటికి క్లబ్బు వార్షిక సమావేశం. పదీ పావుకు రాజీనామా. పదిన్నరకు అందరి దగ్గరా సెలవు. పదకొండుకల్లా ఇంట్లో, కిటికీ దగ్గర, వాళ్లావిడ పక్క కుర్చీలో. ముప్ఫై ఒక్క ఏళ్లుగా ఒక ఫుట్‌బాల్ క్లబ్బును నడిపిన మనిషి, ఒకరి మాట ఒకరు వినని పదకొండు మందిని ఏటా ఒక జట్టుగా నిలబెట్టిన మనిషి, ఆమాత్రం పని చేసుకోలేడా అని ఎవరికైనా అనిపిస్తుంది. ఆయనకూ అలాగే అనిపించింది, పాపం.

ఉత్తరం పొద్దున్నే కాఫీకి ముందే రాసేశాడు. రెండే వాక్యాలు. "నాకిక చాలు. దయచేసి నన్ను వదిలిపెట్టండి." కారణం రాయలేదు. కారణం పక్క గదిలో నిద్రపోతోంది.

ఆవిడకు మరుపు జబ్బు. మొదట తాళంచెవులు పోయాయి, తర్వాత పొయ్యి మీద పాలు, తర్వాత వారాల పేర్లు, ఆ తర్వాత ఒకరొకరుగా మనుషులు. "ఇంకొన్నాళ్లు మిమ్మల్ని గుర్తుపడతారండీ. ఎన్నాళ్లంటే నేను చెప్పలేను. ఉన్నన్నాళ్లు దగ్గరుండండి" అన్నాడు డాక్టరు. దగ్గరుండటం ఆయనకు అలవాటు లేని పని. ఈ ముప్ఫై ఒక్క ఏళ్లలో పదహారు వందల పైచిలుకు ఆదివారాలు వచ్చి వెళ్లాయి. వాటిలో ఆయన ఇంటిపట్టున ఉన్నది ఒక్కటే, అదీ మూడు రోజుల జ్వరం మధ్యలో ఆదివారం పడింది కాబట్టి. కూతురు పుట్టిన గంటలో ఆయన పెనాల్టీ కిక్కుల దగ్గర ఉన్నాడు. ఆ కూతురు ఇప్పుడు వేరే ఊళ్లో టీచరు. నాన్న అనగానే ఆ పిల్లకు గుర్తొచ్చేది గుమ్మం దాటి వెళ్తున్న వీపేనట. ఒకసారి నవ్వుతూనే చెప్పింది. ఆయనా నవ్వాడు. ఆ నవ్వు ఇన్నేళ్లయినా గొంతులో అడ్డంగానే ఉంది.

ఈ జబ్బు సంగతి క్లబ్బులో ఒక్కరికీ తెలియదు. జబ్బు పేరు బయటపడిన రోజున, అప్పటికింకా అన్నీ తెలుస్తున్న ఆవిడ, ఆయన దగ్గర ఒక మాట తీసుకుంది. "నన్ను చూసి అయ్యో అనేవాళ్లని ఇంటికి తీసుకురాకండి. ముఖ్యంగా మీ క్లబ్బువాళ్లని." ఆయన సరేనన్నాడు. ఆవిడకు ఇచ్చి నిలబెట్టుకున్న మాటలు ఆయన ఖాతాలో బొత్తిగా తక్కువ. అందుకని దీన్ని మాత్రం గట్టిగా పట్టుకున్నాడు.

తొమ్మిదింటికి కోటు వేసుకున్నాడు. ముదురాకుపచ్చ కోటు, ఇత్తడి బొత్తాలు, జేబు మీద క్లబ్బు గుర్తు. వెళ్లొస్తానని చెప్పడానికి గదిలోకి వెళ్తే, ఆవిడ మంచం మీద సర్దుకుని కూర్చుని, జుట్టు వెనక్కి దువ్వుకుంది.

"ఎవరికోసమండీ? మా ఆయన ఇంట్లో లేరు. గ్రౌండుకి వెళ్లారు."

"నేనే..."

"కూర్చోండి, పర్లేదు. కాకపోతే ఆయన వచ్చేసరికి చీకటి పడుతుంది. ఆదివారాలంతే."

ఆయన ముందు గదిలోకి వచ్చి, కోటు విప్పి, ఉత్త చొక్కాతో మళ్లీ వెళ్లాడు. ఆవిడ మొహం విప్పారింది.

"ఇప్పుడా రావడం? ఎవరో కోటాయన వచ్చి వెళ్లాడు మీకోసం."

"ఏం చెప్పావు?"

"లేరన్నాను. ఉన్నా లేరనే చెబుదామనుకున్నాను."

ఈ కోటు గొడవ నెలరోజులుగా నడుస్తోంది. డాక్టరును అడిగితే, జబ్బులో అలాంటివి ఉంటాయి, కోటు మానెయ్యండి అన్నాడు. డాక్టర్లకేం, ఎన్నయినా చెబుతారు. క్లబ్బు ప్రెసిడెంటు కోటు లేకుండా గ్రౌండులో అడుగుపెట్టిన రోజు ఇంతవరకు లేదు. అందుకని ఆయన కోటు మడిచి చేతిమీద వేసుకుని ఇల్లు దాటి, వీధి మలుపులో మందుల షాపు అరుగు దగ్గర తొడుక్కుంటున్నాడు. వచ్చేటప్పుడు అక్కడే విప్పుతున్నాడు. షాపతను చూసి చూసి ఇప్పుడు తల కూడా ఎత్తడం లేదు.

గుమ్మం దగ్గర, ఆవిడను చూసుకునే నర్సమ్మ ఆపింది. "ఒంటిగంటకి నేను వెళ్లిపోవాలి సార్. ఆస్పత్రిలో రెండో షిఫ్టు. ఒక్క నిమిషం కూడా ఆగలేను."

"ఒంటిగంటెందుకమ్మా. పదకొండుకే వచ్చేస్తాను. ఇవాళ్టితో అన్నీ వదిలించుకుని వస్తున్నాను."

నర్సమ్మ గోడ గడియారం వైపు చూసింది. ఆమె ఆ ఇంట్లో చేరి ఏడాదయింది. ఏడాదిలో ఎన్ని ఆదివారాలుంటాయో ఆమెకూ తెలుసు.

ఇక్కడ ఆ క్లబ్బులో రాజీనామా అనే వస్తువు సంగతి కొంచెం చెప్పుకోవాలి. ఆయన అధ్యక్షుడైన నాలుగో ఏట జట్టు ఒక ఆటలో తొమ్మిది గోల్సు తిన్నది. ఆయన నిజంగానే సిగ్గుపడి, నిజంగానే రాజీనామా చేశాడు. సభ్యులంతా మీద పడ్డారు. మధ్యాహ్నమంతా బతిమాలారు. ఒక ముసలాయన కళ్లనీళ్లు కూడా పెట్టుకున్నాడు. అరవై మంది కలిసి నువ్వు లేకపోతే మేం లేమంటే ఎవరికి చేదు? ఆయనకు తీపిగా ఉంది. మరుసటి ఏడు తొమ్మిది గోల్సు లేకపోయినా రాజీనామా చేశాడు. ఆ పై ఏడూ చేశాడు. అలా అలా అది సమావేశం పత్రంలోకి ఎక్కింది. నాలుగో అంశం, అధ్యక్షుల రాజీనామా. అయిదో అంశం, దాని తిరస్కరణ. ఆరో అంశం, టీ. ఉత్తరం కూడా ఒక్కటే. కార్యదర్శి ఎప్పుడో టైపు చేసి ఫైల్లో పెట్టాడు, ఏటా తేదీ మారుస్తాడంతే.

పదకొండో రూలు ఇంకో కథ. సీజను మధ్యలో గోల్‌కీపర్లు పక్క క్లబ్బులకు జారుకుంటున్నారని ఆయనే రాశాడు దాన్ని. క్లబ్బులో ఎవరు రాజీనామా చేసినా అధ్యక్షుడు ఆమోదించి సంతకం పెట్టేదాకా చెల్లదు. ఇందాక చెప్పిన జ్వరం మూడు రోజులూ సీనియరు ఆటగాడని ఒక గోల్‌కీపరును తాత్కాలిక అధ్యక్షుడిగా కూర్చోబెట్టాడు. ఆ మహానుభావుడు తన రాజీనామాను తనే ఆమోదించుకుని, రెండో రోజుకల్లా కాలవ అవతలి క్లబ్బులో తేలాడు. జ్వరం తగ్గిన రోజునే ప్రెసిడెంటు ఆ రూలుకు రెండో క్లాజు తగిలించాడు. రాజీనామా ఇచ్చినవారూ, ఆమోదించినవారూ ఒకే మనిషి కారాదు. రాసి, రెండుసార్లు చదువుకుని, తన తెలివికి తనే మురిసిపోయాడు.

సమావేశం గ్యాలరీ కింద గదిలో. తడి బూట్ల వాసన, నొప్పుల మందు వాసన, గోడల నిండా పాత జట్ల ఫొటోలు. నలభై మంది దాకా వచ్చారు. కార్యదర్శి రిటైరయిన బడిపంతులు, అందరూ మాస్టారంటారు. రూల్సు పుస్తకం ఆయన చంకలో పుట్టి అక్కడే పెరిగింది. ఉపాధ్యక్షుడు టైలరు. ముప్ఫై ఏళ్లుగా జట్టు బనీన్లన్నీ ఆయనే కుట్టాడు.

నాలుగో అంశం వచ్చింది. ప్రెసిడెంటు లేచి జేబులోంచి కవరు తీసి మాస్టారికి ఇచ్చాడు. మాస్టారు దాన్ని గౌరవంగా తీసుకుని, విప్పకుండానే బల్ల మీద కాగితాలెగరకుండా పెట్టిన ఈల కింద పెట్టి, ఫైల్లోంచి పాత ఉత్తరం తీసి చదవడం మొదలుపెట్టాడు. "మన జట్టు ఆశించినంతగా రాణించకపోవడం కేవలం నా చేతకానితనం వల్లనే అని..."

"కాదు కాదు" అంది గదంతా ఒక్క గొంతుతో.

"...నాకన్నా సమర్థులు ముందుకు రావాలని..."

"ఎవరున్నారు?" అంది గది.

"అయిదో అంశం. తిరస్కరణ. ఏకగ్రీవం" అని మాస్టారు కాగితం తిరగేశాడు. వెనక వరసలో ఇద్దరు అప్పుడే టీ కోసం లేచారు.

"ఆ కవరు విప్పి చదవండి మాస్టారూ" అన్నాడు ప్రెసిడెంటు.

"అందులోనూ ఇదేగా సార్."

"చదవండి."

మాస్టారు కవరు విప్పాడు. రెండు వాక్యాలూ చదివాడు. ఇంకేమైనా ఉందేమోనని కాగితం వెనక్కి తిప్పి చూశాడు. "కాదు కాదు" అనడానికి నోళ్లు తెరిచినవాళ్లు, ఎక్కడ అనాలో తెలియక మూసుకున్నారు. టీ కోసం లేచినవాళ్లు కూర్చున్నారు.

ముందు తేరుకున్నది టైలరు. "ఎవరో ఏదో అన్నారు అన్నయ్యని" అన్నాడు.

"ఎవరూ ఏమీ అనలేదు."

"చూశారా? ఎవరూ ఏమీ అనలేదంటున్నారంటే ఎవరో గట్టిగానే అన్నారన్నమాట."

గదంతా ఆలోచనలో పడింది. వెనకనుంచి ఎవరో, పోయిన ఆదివారం ఆట మధ్యలో కోచ్ ఆయన్ని గీత అవతలే ఉండమన్నాడని గుర్తుచేశారు. నలభై తలలూ కోచ్ వైపు తిరిగాయి.

"అన్నానండీ. లేదనను" అన్నాడు కోచ్. "ఆయన గీత మీదికి వచ్చి బంతి త్రో కూడా ఆయనే వెయ్యబోయారు. ఏమనమంటారు మరి?"

"పెద్దాయన. వేస్తే వేశారు" అన్నాడు టైలరు.

"అయితే మీరూ మీరూ వేసుకోండి. నేను పోతాను. ఇదే నా రాజీనామా."

"నోటిమాట చెల్లదు బాబూ" అన్నాడు మాస్టారు. కోచ్ అక్కడే ఒక టీ లెక్కల కాగితం మీద రాసి బల్ల మీద కొట్టాడు. మాస్టారు దాన్ని తిన్నగా ప్రెసిడెంటు ముందుకు జరిపాడు. "పదకొండో రూలు సార్. మీరు ఆమోదించాలి."

"నేను ప్రెసిడెంటును కాను మాస్టారూ. ఇందాకే రాజీనామా చేశాను."

"మీది ఇంకా ఆమోదం కాలేదు సార్."

"అయితే నాది నేనే ఆమోదిస్తున్నాను. ఇలా ఇవ్వండి."

మాస్టారు కాగితం వెనక్కి లాక్కున్నాడు. ఆయన కళ్లలో నిజమైన బాధ ఉంది. "రెండో క్లాజు సార్. ఇచ్చినవారూ ఆమోదించినవారూ ఒకే మనిషి కారాదు."

"ఎవడు రాశాడది?"

"మీరే సార్. జ్వరం తగ్గిన రోజున."

రూలు మార్చమన్నాడు ప్రెసిడెంటు. మార్చాలంటే అధ్యక్షుడు ప్రతిపాదించాలట, పద్నాలుగు రోజుల నోటీసు కావాలట. ఆ మాట కూడా తను రాసిందే. గడియారం పదకొండున్నర చూపిస్తోంది. ఆవిడకు పదకొండింటికి మందు. నర్సమ్మ వేసే ఉంటుంది. ఆయన ఈ నెలలో వందోసారి, ఇంట్లో పరిస్థితి చెప్పేద్దామా అనుకున్నాడు. చెబితే ఈ నలభై మందీ ఇక్కడే అయ్యో అంటారు. సాయంత్రానికి పండ్లు పట్టుకుని ఇంటికొచ్చి మళ్లీ అంటారు. ఇచ్చిన మాట గుర్తొచ్చి నోరు మూసుకున్నాడు.

ఈలోగా బయట ఇంకో కార్యక్రమం మొదలైంది. ఆ రోజు పదకొండున్నరకు స్నేహపూర్వక మ్యాచ్ ఉంది. జట్టు కెప్టెను కోచ్‌ను పిలవడానికి వచ్చి, కిటికీలోంచి కోచ్ సంచీ సర్దుకోవడం చూసి, వెనక్కి పరుగెత్తి కుర్రాళ్లకు చెప్పాడు. అందరూ వెళ్లి మైదానం నడిమి గుండ్రంలో కూర్చున్నారు. సగం మంది కోచ్‌ను అవమానించారని కూర్చున్నారు. మిగతా సగం ప్రెసిడెంటును అవమానించారని కూర్చున్నారు. అవతలి జట్టువాళ్లు కాసేపు చూసి, ఇదేదో ఇక్కడి పద్ధతి కాబోలనుకుని మర్యాద కోసం తామూ కూర్చున్నారు.

పన్నెండు దాటాక రిఫరీ ఓపిక నశించి గదిలోకి వచ్చాడు. చేతిలో ఫారం. "ఇరవై రెండు మందీ గడ్డి మీద కూర్చున్నారండీ. ఆడిస్తామని అధ్యక్షుడి సంతకం కావాలి. లేకపోతే మీ జట్టు ఆట వదులుకుందని రాసుకుని వెళ్లిపోతాను. అధ్యక్షుడెవరు?"

అందరూ ప్రెసిడెంటు వైపే చూస్తున్నారు. ఆయన గోడ మీది ఫొటోల వైపు చూశాడు. ముప్ఫై ఒక్క ఏళ్లలో ఆ జట్టు చిత్తుగా ఓడింది, వానలో ఓడింది, తొమ్మిది మందితో ఆడి ఓడింది. ఆట వదులుకుని మాత్రం ఒక్కసారి కూడా వెళ్లలేదు. ఆ ఒక్క సంగతీ ఆయనకు గర్వం.

"ఈ ఒక్కసారికే" అని సంతకం పెట్టాడు.

మాస్టారు సంతకం మీదికి వంగి చూసి, కళ్లజోడు తీసి తుడుచుకుని ప్రకటించాడు. "అధ్యక్షుడు అన్న చోట సంతకం చేశారు కాబట్టి, రాజీనామా ఉపసంహరించుకున్నట్టే. రాసుకుంటున్నాను."

గది కప్పు ఎగిరిపోయేలా చప్పట్లు. కోచ్ కూడా కొట్టాడు. ఆయన సంచీ అప్పటికే సగం ఖాళీ అయింది. బయట కుర్రాళ్లు లేచారన్న కబురు వచ్చింది, ఇంకో విడత చప్పట్లు. టైలరు ముందుకొచ్చి బీరువాలోంచి ఒక మూట తీశాడు.

"వచ్చే ఏడు ఇద్దామని కుట్టాను అన్నయ్యా. ఇవాళ మిమ్మల్నిలా చూశాక ఇక ఆగలేను."

కొత్త కోటు. అదే ఆకుపచ్చ, అవే ఇత్తడి బొత్తాలు. జేబు మీద బంగారు దారంతో రెండు మాటలు, శాశ్వత అధ్యక్షుడు. ఎవరు ప్రతిపాదించారో, ఎవరు బలపరిచారో తెలియదు కానీ నలభై చేతులూ లేచి ఉన్నాయి. ఆయన పాత కోటు ఎవరో లాగేశారు. కొత్తది టైలరే తొడిగి, బొత్తాలు నాలుగూ తనే పెట్టాడు. రాజీనామా చెయ్యడానికి వచ్చిన మనిషి రెండున్నర గంటల్లో చచ్చేదాకా ప్రెసిడెంటయ్యాడు.

ఆయన కళ్లలో నీళ్లు తిరిగాయి. "చూడండి, ఆనందం పట్టలేకపోతున్నారు" అన్నారు చుట్టూ ఉన్నవాళ్లు. గడియారం పన్నెండూ నలభై అయింది.

"మా ఇంటికి..." అన్నాడాయన.

"మేమే దిగబెడతాం అన్నయ్యా" అన్నాడు టైలరు. "వదినగారికి ఈ మాట మా నోటితో చెప్పాలి."

"వద్దు. ఎవరూ రాకండి. చేతులెత్తి అడుగుతున్నాను, రావద్దు."

వాళ్లు ఒకరినొకరు చూసుకుని ఆప్యాయంగా నవ్వుకున్నారు. వద్దన్నప్పుడల్లా ఇంకా గట్టిగా పట్టుకోవాలని వాళ్లకు నేర్పింది ఎవరు? ఇరవై ఏడేళ్లు ఏటా పాఠం చెప్పి మరీ నేర్పింది తనే. ఇప్పుడు నిజంగా వద్దు అనడానికి ఆయన దగ్గర వేరే మాట లేదు. ఉన్న ఒక్క మాటనూ తనే అరగదీసేశాడు.

ఆయన గబగబా నడిచాడు. వెనక నలభై మందీ గబగబా నడిచారు. ఎవరో క్లబ్బు జెండా పట్టుకొచ్చారు. పరుగులాంటి నడకతో పోస్టాఫీసు దాటాడు. ప్రెసిడెంటు గారి హుషారు చూడండి, ఈ వయసులో ఆ నడక చూడండి అనుకుంటూ వాళ్లూ పరుగందుకున్నారు. సైకిళ్లు ఆపి చూసినవాళ్లు, పనేమీ లేనివాళ్లు, ఎందుకో తెలియనివాళ్లు తోకలో చేరారు. మందుల షాపు మలుపు దగ్గర ఆయన ఆగి కోటు విప్పబోయాడు. కొత్త కాజాలు. బొత్తాలు బిగుసుకుపోయి రావడం లేదు. షాపతను ఇన్నాళ్లకు తల ఎత్తి, కోటు విప్పలేకపోతున్న మనిషినీ, వెనక జెండానీ, జనాన్నీ చూసి, తప్పుకోమని గట్టిగా కేకేశాడు. ఆ తోపులాటలో ఆయన బొత్తాలతో సహా ముందుకు కొట్టుకుపోయాడు.

ఒంటిగంటా అయిదు నిమిషాలు. నర్సమ్మ సంచీ భుజాన వేసుకుని గేటు దగ్గర నిలబడి ఉంది. ఆమె ఇంకా వెళ్లలేదు. "అయిదు నిమిషాలు సార్" అని మాత్రం అని, వెనక ఉన్న జనాన్ని చూసి ఆపేసింది.

ఆవిడ గుమ్మంలో ఉంది. ఒక కాలికే చెప్పు. జుట్టు ఒక పక్క దువ్వి, ఒక పక్క దువ్వలేదు. చేతిలో దువ్వెన.

"వదినగారూ, శుభవార్త" అని టైలరు మొదలుపెట్టి, ఆవిడ కళ్లు చూసి, మిగతాది మింగేశాడు. ఆవిడ భర్తను చూడటం లేదు. ఆకుపచ్చ కోటును చూస్తోంది. మెట్లు దిగి, జాగ్రత్తగా అడుగులు వేస్తూ వచ్చి, కోటు ముందు నిలబడింది.

"మీరేనాండీ ప్రెసిడెంటు?"

జనంలోంచి ఒక నవ్వు బయల్దేరి సగంలో ఆగిపోయింది. ఆయన బొత్తాల మీద చెయ్యి వేశాడు, తీశాడు. నేను నీ మొగుణ్ణి అని చెప్పడానికి నోరు తెరిచాడు. ఆవిడ మొహంలో ఎంత ఆశ ఉందంటే, ఆ మాట రాలేదు.

"అవునమ్మా" అన్నాడు.

"మీతో మాట్లాడాలని ఎన్నాళ్లనుంచో అనుకుంటున్నాను. నేనే వద్దామనుకున్నాను కానీ, ఆయనకి నచ్చదు. మా ఆయన మీ క్లబ్బులోనే ఉంటారు. ఏం పని చేస్తారో నాకు సరిగ్గా తెలియదండీ, కష్టపడతారు మాత్రం. పెద్దవారయ్యారు. మోకాళ్లు నొప్పులు, మీతో చెప్పరు. ఆదివారం పూట ఆయన్ని ఇంటికి పంపించండి. ఆయనకి అడగడం చేతకాదు. ఏటా అడుగుతారట, మీరు వదలరట."

ఆవిడ దువ్వెనను రెండు చేతులతో పట్టుకుని, గొంతు తగ్గించింది.

"నేనీమధ్య అన్నీ మర్చిపోతున్నాను. ఆయన్ని కూడా మర్చిపోతానేమోనని భయంగా ఉంది. ఆలోపలే పంపించండి."

జెండా పట్టుకున్నవాడు దాన్ని దించాడు. ఎక్కడో సైకిలు గంట మోగి ఊరుకుంది.

"పంపిస్తానమ్మా" అన్నాడు ప్రెసిడెంటు.

"నిజంగానే?"

"నిజంగానే."

"ఎప్పట్నించి?"

"ఇవాళ్టినుంచే."

మాస్టారు ముందుకు వచ్చాడు. ఆయన చేతిలో ఫైలు, ఫైలు మీద ఆ రెండు వాక్యాల కాగితం. బడిలో నలభై ఏళ్లు పిల్లల్ని హడలగొట్టిన గొంతుతో మెల్లగా అన్నాడు. "సార్. ఇందాకటి ఉపసంహరణ కొట్టేశాను. పదకొండో రూలు. ఇచ్చినవారు వేరు, ఆమోదించినవారు వేరు. ఆవిడే చెప్పారుగా. మేమంతా సాక్షులం. పెట్టండి."

టైలరు వంగి వీపు ఇచ్చాడు. ఆ వీపు మీద కాగితం పెట్టి ప్రెసిడెంటు, ఆమోదించడమైనది అని రాసి సంతకం చేశాడు. ఆ క్లబ్బు చరిత్రలో మొదటిసారి, ఆయన రాజీనామాకు ఎవరూ కాదు కాదు అనలేదు. టైలరు లేచి కళ్లు తుడుచుకుని, తను పెట్టిన బొత్తాలు తనే తీశాడు. నాలుగోది రాకపోతే దారం పంటితో కొరికేశాడు. కోటు మడిచి చంకలో పెట్టుకున్నాడు.

ఉత్త చొక్కాతో ఆయన అలా నిలబడి ఉండగా ఆవిడ తల తిప్పి చూసింది.

"వచ్చేశారా? ఎవరండీ ఇంతమంది?"

"దారిన పోయేవాళ్లు. వెళ్లిపోతున్నారు."

వెళ్లిపోయారు. జెండా చుట్టుకుని, చెప్పుల చప్పుడు కూడా కాకుండా ఒక్కొక్కరే వెళ్లారు. అయ్యో అన్నవాడు ఒక్కడూ లేడు. నర్సమ్మ ఆవిడ రెండో చెప్పు వెతికి తెచ్చి కాలికి తొడిగి, ఆలస్యమైన షిఫ్టుకు పరుగెత్తింది. కోచ్ రాజీనామాను ఆమోదించడానికి అధ్యక్షుడు లేకపోవడంతో ఆయన ఇప్పటికీ కోచ్‌గానే ఉన్నాడు.

మరుసటి ఆదివారం ఆయన కిటికీ దగ్గర కుర్చీలో కూర్చున్నాడు. ఆవిడ పక్కన. గాలి అటునుంచి వీస్తే గ్రౌండులో అరుపులు వినిపిస్తాయని ఆయనకు ఇన్నేళ్లూ తెలియదు. ఆవిడకు ఎప్పట్నించో తెలుసు. ఒక అరుపు గోల్ పడినంత పెద్దగా వచ్చింది. ఆయన కాలు దానంతటదే కదిలింది. ఆవిడ ఆయన మోకాలి మీద చెయ్యి వేసింది.

"మీ ప్రెసిడెంటు మంచివాడేనండీ" అంది.

"అలాగా."

"ఆ. ఒక్కసారే అడిగాను, మారు మాట్లాడకుండా పంపించేశాడు. నాదే పొరపాటు. ఎప్పుడో అడగాల్సింది."

ఆయన ఆ చేతి మీద తన చెయ్యి వేశాడు.

"అప్పుడడిగితే పంపేవాడు కాదులే" అన్నాడు.